సెలవులకు ఒక స్టార్ వార్స్ నవల: ఏది తీసుకెళ్ళాలి, ఎలా చదవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. దసరా సెలవులకు ఊరికి వెళ్తున్నారు. స్టార్ వార్స్ సినిమాలు ఎప్పుడో చూశారు, సగం మరిచిపోయారు. ఆ పేరుతో వందల నవలలు ఉన్నాయని తెలిశాక ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. వరస క్రమం తెలియకుండా చదివితే అర్థమవుతుందా అన్నది ఒక సందేహం. "అవి సినిమా పేరు మీద అమ్ముకునే సరుకు, వాటిని చదవడం దండగ" అని మీ స్నేహితుడు అన్న మాట ఇంకో సందేహం. పన్నెండేళ్ళ మేనల్లుడికి కూడా ఏదైనా చెప్పమన్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. టిమోతీ జాన్ రాసిన "ఎయిర్ టు ది ఎంపైర్" తీసుకెళ్ళండి. 1991లో వచ్చిన పుస్తకం, సుమారు 400 పేజీలు. లూక్, లేయా, హాన్ సోలో ఎవరో, చక్రవర్తి చనిపోయాడన్న సంగతి ఏమిటో గుర్తుంటే చాలు. అయితే ఇది మూడు పుస్తకాల్లో మొదటిది. తిరుగు ప్రయాణానికల్లా కథ కంచికి చేరాల్సిందే అనుకుంటే దాని బదులు క్లాడియా గ్రే రాసిన "లాస్ట్ స్టార్స్" (2015) పెట్టుకోండి. అది ఒక్క పుస్తకంతో పూర్తవుతుంది. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపి పుస్తకం కొనుక్కోవచ్చు. కారణాలు కావాలంటే కింద చదవండి.

సికింద్రాబాదులో చాలా ఏళ్ళు అద్దె పుస్తకాల దుకాణం నడిపినవాణ్ణి. తెలుగు వారపత్రికలు, డిటెక్టివ్ నవలలు ఒక వైపు, ఇంగ్లీషు పేపర్‌బ్యాకులు ఇంకో వైపు ఉండేవి. సినిమా, టీవీ పేర్లతో వచ్చే సైన్స్ ఫిక్షన్ నవలలకు ఒక అర ప్రత్యేకంగా ఉండేది. ఎండాకాలం సెలవుల్లో, దసరా ముందు ఆ అర ఖాళీ అయ్యేది, కాలేజీలు తెరిచాక మళ్ళీ నిండేది. ఎవరు ఏది పట్టుకెళ్ళి సగంలో తిరిగిచ్చారో, ఎవరు రెండో భాగం కోసం మళ్ళీ పరిగెత్తుకొచ్చారో చూస్తూ ఉన్నవాడికి కొంత లెక్క తెలుస్తుంది. నేను చెప్పేది ఆ లెక్కతోనే.

ఈ రకం నవల సెలవులకు ఎందుకు సరిపోతుందంటే

మంచి సైన్స్ ఫిక్షన్ నవల దేనికైనా మొదట్లో చదువరి కష్టపడాలి. ఆ లోకంలో గాలి ఎలా ఉంటుంది, ప్రభుత్వం ఎవరిది, ఈ విచిత్రమైన పేరు మనిషిదా యంత్రానిదా అని తేల్చుకునేసరికి యాభై పేజీలు అయిపోతాయి. ఇంట్లో ఒంటరిగా, తలుపు వేసుకుని చదివేవాళ్ళకు అందులోనే ఆనందం ఉంది. పండగకు చుట్టాలతో నిండిన ఇంట్లో అది కుదరదు. రెండు పేజీలు తిరగేసేలోగా ఎవరో కాఫీ అందిస్తారు. బాబాయి వచ్చి "ఏమిటి చదువుతున్నావు" అని పుస్తకం లాక్కుని అట్ట మీది బొమ్మ చూస్తారు. పిల్లలు క్యారమ్స్ ఆటకు నాలుగో మనిషి కావాలంటారు. గంట తర్వాత మళ్ళీ పుస్తకం తెరిస్తే, కొత్త లోకమైతే మొదటికి రావాలి.

స్టార్ వార్స్ నవలలో ఆ బాధ లేదు. లేజర్ కత్తి చప్పుడు మీ చెవిలో ఉంది. చూబాకా అరుపు ఎలా ఉంటుందో ఎవరూ వర్ణించనక్కరలేదు. మిలెనియం ఫాల్కన్ పాతబడిన ఓడ అని, అవసరమైన వేళకే మొరాయిస్తుందని మీకు ముందే తెలుసు. రచయిత చేయవలసిన పనిలో సగం సినిమా చేసిపెట్టింది కాబట్టి మొదటి పేజీ నుంచే కథలోకి దిగిపోతాడు. మధ్యలో ఎన్నిసార్లు ఆపినా దారం తెగదు. మా దుకాణానికి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి ఏటా కుటుంబంతో యాత్రకు వెళ్ళేముందు ఈ అర దగ్గరికే వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆయన గట్టి చరిత్ర పుస్తకాలు తప్ప ముట్టేవారు కాదు. రైల్లో చరిత్ర ఎక్కదని ఆయన వాదన.

దీనికి ఒక లోపమూ ఉంది

ఇలా వేరొకరి సినిమా లోకంలో నవల (దీన్నే ఫ్రాంచైజీ నవల, టై-ఇన్ నవల అంటారు) రాసేవాడు అద్దె ఇంట్లో ఉన్నవాడి లాంటివాడు. గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. హీరోను చంపడానికి వీల్లేదు, కొత్త సినిమాకు అడ్డం వచ్చే పని ఏదీ చేయకూడదు. అందుకే నాసిరకం టై-ఇన్ నవలల్లో ఎంత పెద్ద యుద్ధం జరిగినా చివరి పేజీకి అందరూ మొదటి పేజీలో ఉన్న చోటికే వచ్చేస్తారు. చదివినంతసేపూ బాగానే ఉంటుంది, వారం తర్వాత ఒక్క సంగతీ గుర్తుండదు. మీ స్నేహితుడి చేతికి బహుశా అలాంటిదే పడి ఉంటుంది.

ఈ రకంలో మంచి పుస్తకాన్ని గుర్తుపట్టడానికి నేను చూసేది ఒక్కటే: రచయిత తనకంటూ ఒక మనిషిని కథలోకి తెచ్చుకున్నాడా? సినిమా హీరోల విధి మార్చే అధికారం అతనికి లేదు. తను పుట్టించిన మనిషిని ఏమైనా చేయవచ్చు. ఆ మనిషి గెలుస్తాడో, పోతాడో, ఎటు తిరుగుతాడో మనకు తెలియదు. పుస్తకానికి ఉత్కంఠ వచ్చేది అక్కడే. అట్ట వెనక రాసింది చదివినప్పుడు సినిమాలో లేని పేరు ఒకటైనా ప్రముఖంగా కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. అన్నీ తెలిసిన పేర్లే ఉంటే నేను పుస్తకం కింద పెట్టేస్తాను.

"ఎయిర్ టు ది ఎంపైర్"ను ముందు చెప్పడానికి కారణం ఇదే. "రిటర్న్ ఆఫ్ ది జెడై" సినిమా ముగిశాక సుమారు ఐదేళ్ళకు కథ మొదలవుతుంది. సామ్రాజ్యం కూలింది, తిరుగుబాటుదారులు ఇప్పుడు ప్రభుత్వం నడుపుతున్నారు, నానా తంటాలు పడుతున్నారు. అటువైపు మిగిలిన నౌకలను కూడగట్టడానికి గ్రాండ్ అడ్మిరల్ త్రాన్ వస్తాడు. నీలం చర్మం, ఎర్రటి కళ్ళు, ఎప్పుడూ హెచ్చని గొంతు. సినిమాల్లో విలన్ అంటే డార్త్ వేడర్. తప్పు చేసిన అధికారి గొంతు పిసుకుతాడు. త్రాన్ దగ్గర మంత్రశక్తులేమీ లేవు, ఉన్నదంతా బుర్ర.

మొదటి అధ్యాయం చూడండి. కెప్టెన్ పెలియన్ అనే నడివయసు అధికారి త్రాన్ గదిలోకి వెళ్తాడు. యుద్ధనౌకలో ఆ గది చిత్రశాలలా ఉంటుంది. చుట్టూ చిత్రాలు, శిల్పాలు, అన్నీ కాంతితో సృష్టించిన ప్రతిరూపాలు. శత్రు నౌకలు దూసుకొస్తున్నాయి. త్రాన్ మాత్రం ఆ నౌకల్లో ఉన్న జాతి ఏదో తెలుసుకుని, వాళ్ళ కళను పరిశీలించి, ఒక పాత యుద్ధ వ్యూహం పన్నమంటాడు. అది ఎవరైనా ఇట్టే ఛేదించే వ్యూహమని పెలియన్‌కు తెలుసు. ఆ జాతికి మాత్రం క్రమం లేని దాడిని తట్టుకునే మనస్తత్వం లేదని వాళ్ళ కళే త్రాన్‌కు చెప్పింది. అంతా అతను చెప్పినట్టే జరుగుతుంది. అధ్యాయం ముగిసేసరికి పెలియన్‌తో పాటు మనకూ ఒక రకమైన భయం పట్టుకుంటుంది. ఈ మనిషి ఎదుటివాళ్ళను చదివేస్తాడు, మరి లూక్‌ను, లేయాను చదవడానికి ఎంతసేపు పడుతుంది?

తర్వాత జాన్ ఇంకో తెలివైన పని చేస్తాడు. లూక్ దగ్గర ఫోర్స్ అనే అతీత శక్తి ఉంది, దానికి ఎదురు లేదు. ఎదురు లేని హీరోతో కథ నడపడం కష్టం. అందుకని యిసలమిరి అనే బల్లిలాంటి జంతువులను సృష్టించాడు. అవి ఉన్న చోట ఫోర్స్ పనిచేయదు. ఆ జంతువులున్న అడవిలో లూక్ చిక్కుకుంటాడు. పక్కన ఉన్నది మారా జేడ్, అతన్ని చంపి తీరాలని ఏళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి. ఇద్దరూ కలిసి నడిస్తే తప్ప ప్రాణాలతో బయటపడరు. అడవిలో సాగే ఆ నడక ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. పేలుళ్ళు లేవు, గ్రహాలు బద్దలవవు, ఇద్దరు మనుషులు, ఒక చిన్న రోబో, రాత్రయితే మృగాల భయం. (లూక్ ఒకచోట వేడి వేడి చాక్లెట్ తాగుతాడు. సినిమా అభిమానుల్లో కొందరు దాన్ని చూసి నక్షత్రవీధిలో చాక్లెట్ ఏమిటని ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. నాకైతే అదీ బాగుంది.)

భాష గురించి కూడా చెప్పాలి, ఎలాగూ ఇంగ్లీషులోనే చదువుతారు కాబట్టి. జాన్ భౌతికశాస్త్రం చదువుకున్నవాడు. ఈ పుస్తకానికి ముందే, 1984లో, ఒక పెద్ద కథకు సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు అందుకున్నాడు. వాక్యాలు పొట్టిగా, తేటగా ఉంటాయి. నిఘంటువు తెరవాల్సిన పని దాదాపు ఉండదు. పుస్తకం న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. స్టార్ వార్స్ పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న కాలం అది. చివరి సినిమా వచ్చి ఎనిమిదేళ్ళయింది, కొత్తది వస్తుందన్న ఆశ లేదు. తర్వాత పుట్టుకొచ్చిన నవలల వరదకు గేట్లు ఎత్తింది ఈ పుస్తకమే.

ముగింపు సంగతి ముందే చెప్పాను, మళ్ళీ గట్టిగా చెబుతాను. ఒక పోరాటం ముగుస్తుంది, కథ ముగియదు. రెండో భాగం "డార్క్ ఫోర్స్ రైజింగ్" (1992), మూడోది "ది లాస్ట్ కమాండ్" (1993). మొదటిది తీసుకెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చి, సంచీ కూడా ఇంటి దగ్గర దింపకుండా, రెండోది అడిగిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. వారం రోజులు పూర్తిగా మీవే అయితే మొదటి రెండూ పెట్టుకోండి. పండగ ఇంట్లో ఒకటి పూర్తయితే గొప్పే.

ఒక్కటే చాలనుకుంటే "లాస్ట్ స్టార్స్"

ఇది చప్పుడు లేకుండా వచ్చి చాలామందికి నచ్చిన పుస్తకం. జెలూకాన్ అనే మారుమూల గ్రహంలో ఇద్దరు పిల్లలు. థేన్ డబ్బున్న ఇంటివాడు, సియెనా మాట తప్పకూడదన్న నియమంతో పెరిగిన పేద కుటుంబం పిల్ల. ఇద్దరికీ విమానాలు నడపడమంటే పిచ్చి. ఇద్దరూ సామ్రాజ్యం నడిపే సైనిక అకాడమీలో చేరతారు. సినిమాల్లో మనం శత్రువులుగా చూసిన ఆ యూనిఫారం వీళ్ళ కల. తర్వాత అతను పారిపోయి తిరుగుబాటుదారుల్లో కలుస్తాడు, ఆమె ప్రమాణానికి కట్టుబడి ఉండిపోతుంది. పాత మూడు సినిమాల్లోని పెద్ద ఘట్టాలన్నీ ఇందులో వస్తాయి, ఈ ఇద్దరి కళ్ళతో.

సామ్రాజ్యపు భారీ ఆయుధ కేంద్రం డెత్ స్టార్ పేలినప్పుడు సినిమా హాల్లో చప్పట్లు కొడతాం కదా. ఈ నవలలో ఆ పేలుడులో సియెనాతో ఒకే గదిలో చదువుకున్న స్నేహితురాలు పోతుంది. సినిమా ఒక్క క్షణంలో దాటేసిన సంగతిని నవల అక్కడ ఆగి చూపిస్తుంది. టై-ఇన్ నవల సినిమాకు అనుబంధంగా మిగిలిపోకుండా సినిమాను ఇంకోలా చూపించడమంటే ఇదే.

ఒక డిగ్రీ విద్యార్థిని సినిమాలు ఒక్కటీ చూడకుండా ఈ పుస్తకం చదివింది. ప్రేమకథ అని ఎవరో చెబితే తీసుకుందట. తర్వాత సినిమాలు చూసి, "డెత్ స్టార్ పేలితే నాకు ఏడుపొచ్చింది, పక్కవాళ్ళు వింతగా చూశారు" అని చెప్పింది. కాబట్టి సినిమాలు గుర్తులేవన్న దిగులు అసలు పెట్టుకోకండి. సినిమాలన్నీ మళ్ళీ చూసి పుస్తకం మొదలుపెడదామనుకుంటే మాత్రం సెలవులు సినిమాలకే సరిపోతాయి.

వరస క్రమం గురించి

కొన్ని పుస్తకాల ముందు పేజీల్లో కాలక్రమ పట్టిక ఉంటుంది, ఏ నవల ఏ సినిమాకు ముందో వెనకో చూపిస్తూ. అది చూసి బెదిరిపోయి పుస్తకం పెట్టేసినవాళ్ళున్నారు. తిప్పేయండి. ఆ పట్టిక వందలు చదివినవాళ్ళ కోసం.

ఇంకో సంగతి మీ చెవిన పడే ఉంటుంది: "అవి ఇప్పుడు చెల్లవు" అని. 2014 ఏప్రిల్‌లో స్టార్ వార్స్ తీసే లూకస్‌ఫిల్మ్ సంస్థ అప్పటివరకు వచ్చిన నవలలన్నిటినీ "లెజెండ్స్" అనే పేరు కిందికి మార్చింది. కొత్త సినిమాలు ఆ కథలకు కట్టుబడి ఉండవని దాని అర్థం. అందుకే "వెక్టర్ ప్రైమ్" (1999) అనే నవలలో చూబాకా చనిపోతాడు, 2015 సినిమాలో నిక్షేపంగా తిరుగుతుంటాడు. సెలవుల్లో చదువుకునే మీకు దీనితో ఏమీ నష్టం లేదు. ఒకే రామాయణాన్ని ఎన్నో రకాలుగా విన్నవాళ్ళం, రెండు స్టార్ వార్సులు మనల్ని ఏం చేస్తాయి? పైగా లెజెండ్స్ ముద్ర ఉన్న పాత పుస్తకాలకు ఒక లాభం ఉంది. వాటి కథలు ఇప్పుడు ఏ కొత్త సినిమా వచ్చినా మారవు. "లాస్ట్ స్టార్స్" మాత్రం 2014 తర్వాతి వరసలోది, సినిమాలతో కలిసి నడుస్తుంది.

సరదా ఏమిటంటే, చెల్లవన్న పుస్తకాల్లోంచే తెర మీదికి ఎన్నో వచ్చాయి. గెలాక్సీ రాజధానికి కొరుసాంట్ అన్న పేరు మొదట "ఎయిర్ టు ది ఎంపైర్"లోనే కనిపించింది. 1999 సినిమా దాన్ని తీసుకుంది. త్రాన్ 2016లో "రెబెల్స్" యానిమేషన్ ధారావాహికలోకి, 2023లో "అసోకా"లోకి వచ్చాడు. ఇది స్టార్ వార్స్ వింత కూడా కాదు. స్టార్ ట్రెక్ అనే ఇంకో అంతరిక్ష టీవీ ధారావాహికలో సులూ అనే పాత్రకు హికారు అన్న పేరు పెట్టింది 1981 నవలలో వొండా మెకింటైర్. తెర మీద ఆ పేరు పలకడానికి 1991 దాకా పట్టింది.

ఇక "సరుకు" అన్న మాటకు

మీ స్నేహితుడు చెప్పినదాంట్లో నిజం ఉంది, కాదనను. ఇవి రాయించుకునే పుస్తకాలే, గడువు పెట్టి రాయిస్తారు. మొదటి స్టార్ వార్స్ నవల సినిమా కంటే ముందే, 1976 చివరలో, సినిమా దర్శకుడు జార్జ్ లూకస్ పేరుతో వచ్చింది. రాసింది అలన్ డీన్ ఫాస్టర్. ఆయనే 1978లో "స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ" రాశాడు. మొదటి సినిమా ఆడకపోతే తక్కువ ఖర్చుతో రెండోది తీయడానికి పనికొచ్చేలా ఆ కథ అల్లించారు. అందుకే కథంతా పొగమంచు కమ్మిన గ్రహం మీద నడుస్తుంది, సెట్టింగుల ఖర్చు కలిసొస్తుందని. హాన్ సోలో వేషం వేసిన హారిసన్ ఫోర్డ్ అప్పటికింకా రెండో సినిమాకు ఒప్పుకోలేదు కాబట్టి హాన్ సోలో కథలోనే లేడు. లూక్, లేయాల మధ్య ప్రేమ చిగురిస్తున్నట్టు రాశారు. వాళ్ళు అన్నాచెల్లెళ్ళని 1983లో తేలింది. ఇప్పుడు చదివితే కొన్ని పేజీలు ఇబ్బందిగా నవ్వు తెప్పిస్తాయి.

కానీ రాయించుకున్న పుస్తకమైనంత మాత్రాన చెత్త కావాలని ఎక్కడుంది? ఐజాక్ అసిమోవ్ అంతటివాడు 1966లో "ఫెంటాస్టిక్ వాయేజ్" సినిమాకు నవల రాశాడు. ఒక జలాంతర్గామిని, అందులోని మనుషులను సూక్ష్మంగా కుదించి రోగి రక్తనాళంలోకి పంపే కథ. గంట దాటితే అన్నీ అసలు పరిమాణానికి పెరిగిపోతాయి. సినిమాలో తెల్లకణం మింగిన జలాంతర్గామి లోపలే ఉండిపోతుంది. అది పెరిగితే రోగి గతేమిటి? అసిమోవ్ ఊరుకోలేదు, నవలలో ఆ శకలాలను బయటికి తీసుకొచ్చి మరీ కథ ముగించాడు. సినిమా ఆలస్యమై నవల ముందు వచ్చేసింది, దాంతో సినిమానే నవల నుంచి తీశారని చాలామంది అనుకున్నారు.

మనకూ ఇది కొత్త కాదు. సినిమా కథను నవలగా రాసే వెండితెర నవల తెలుగులో ఒకప్పుడు మంచి గిరాకీ ఉన్న సరుకు. ముళ్ళపూడి వెంకటరమణ లాంటివారే రాశారు. అవి చదివి ఎవరూ చెడిపోలేదు.

స్టార్ వార్స్ కాకుండా వేరే లోకంలోకి వెళ్ళాలనిపిస్తే నేను చెప్పేది జాన్ ఎం. ఫోర్డ్. 1984లో స్టార్ ట్రెక్ కోసం "ది ఫైనల్ రిఫ్లెక్షన్" రాశాడు. టీవీలో విలన్లుగా చూపించిన క్లింగాన్ జాతి వాళ్ళ వైపు నుంచి నడిచే కథ. టీవీలో హీరో అయిన కెప్టెన్ కర్క్ మొదట్లో, చివర్లో తొంగిచూస్తాడంతే. చదరంగం లాంటి ఆట ఒకటి కల్పించి, దాని చుట్టూ ఆ జాతి ఆలోచనంతా అల్లాడు. అదే మనిషి 1987లో "హౌ మచ్ ఫర్ జస్ట్ ది ప్లానెట్?" రాశాడు. అందులో గ్రహం మీది జనం మాటిమాటికీ పాటలు అందుకుంటారు, అంతరిక్ష నౌకాధికారులు దిక్కుతోచక నిలబడతారు. స్టార్ ట్రెక్‌తో కాస్త పరిచయం ఉన్నవాళ్ళకు రెండోది నవ్వులే నవ్వులు. లేనివాళ్ళు మొదటిదానితో మొదలుపెట్టాలి, అది నెమ్మదిగా చదవాల్సిన పుస్తకం. రైల్లో కంటే మేడ మీద మధ్యాహ్నం పూట మేలు.

ఏవి తీసుకెళ్ళకూడదు

పైన చెప్పిన "వెక్టర్ ప్రైమ్" 19 నవలల వరసకు తొలి పుస్తకం. సెలవుల్లో అలాంటిది ముట్టుకోకండి. వార్‌హామర్ 40,000 అనే యుద్ధ బొమ్మల ఆట లోకంలోని "హోరస్ హెరెసీ" ఇంకా ఘోరం, 2006లో మొదలై యాభై దాటిపోయింది. ఆ లోకం చూడాలని ఉంటే డాన్ ఆబ్నెట్ రాసిన "జీనోస్" (2001) ఒక్కటి చదవండి. చీకటి కథ, పండగ ఇంట్లో సరిపోతుందో లేదో మీరే చూసుకోండి.

ఈమధ్యే చూసిన సినిమాకు నవలా రూపం కూడా వద్దంటాను. సంభాషణలన్నీ చెవిలో మోగుతుంటే చదవడానికి ఏముంటుంది? దీనికి ఒక మినహాయింపు, మాథ్యూ స్టోవర్ రాసిన "రివెంజ్ ఆఫ్ ది సిత్" (2005). సినిమా నచ్చనివాళ్ళకు కూడా నచ్చిన పుస్తకం. అనాకిన్ ఎందుకు చెడ్డవాడై డార్త్ వేడర్‌గా మారాడో తెర మీద సరిగా అర్థం కాకపోతే ఇందులో అర్థమవుతుంది. కాకపోతే స్టోవర్ ఇంగ్లీషు జాన్ ఇంగ్లీషులా తేలిగ్గా ఉండదు, అలంకారాలు ఎక్కువ.

కొనేటప్పుడు

హైదరాబాదులో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకవచ్చు, ఓపిక ఉండాలి. పాత పుస్తకం కొనేముందు మూడు సంగతులు చూడండి. చివరి పేజీలు ఉన్నాయా. వరసలో ఇది ఎన్నో భాగం, ఎందుకంటే అట్ట మీద ఆ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫుట్‌పాత్ మీద తరచూ దొరికేది రెండో భాగమే. మూడోది, వీపు విరిగిందా. విరిగితే ప్రయాణంలో పేజీలు ఊడతాయి.

తొంభైల నాటి చిన్న సైజు పేపర్‌బ్యాకు జేబులో పడుతుంది, అక్షరాలు మాత్రం సన్నం. నలభై దాటినవాళ్ళకు సాయంత్రం వెలుగులో కష్టమే. "ఎయిర్ టు ది ఎంపైర్"కు 2021లో కొత్త ముద్రణ వచ్చింది, అది పెద్ద సైజు. ఆన్‌లైన్‌లో కొంటే ఇంకో జాగ్రత్త. సినిమా నవలలకు చాలావరకు పిల్లల కోసం కుదించిన "జూనియర్" ముద్రణ కూడా ఉంటుంది, అట్ట దాదాపు ఒకేలా కనిపిస్తుంది. పేజీల సంఖ్య చూసి ఆర్డరు పెట్టండి.

కారు ప్రయాణమైతే "ఎయిర్ టు ది ఎంపైర్" ఆడియో పుస్తకం ప్రయత్నించండి. మార్క్ థామ్సన్ చదివాడు. త్రాన్‌కు ఒక గొంతు, హాన్‌కు ఒక గొంతు పెట్టి, వెనక సినిమా సంగీతం, ఓడల చప్పుళ్ళు కలిపి చేశారు. ఆడియో పుస్తకమంటే ఆమడ దూరం పారిపోయే నాకు కూడా అది నచ్చింది.

చదివేటప్పుడు ఒక్కటే నియమం: తెలియని పేరు రాగానే ఫోన్ తీసి వెతకకండి. స్టార్ వార్స్ మీద అభిమానులు రాసుకున్న సమాచారం అపారం. ఒక పేరు నొక్కితే ఆ మనిషి ఎప్పుడు పుట్టాడు, ఎలా చచ్చాడు అన్నీ మొదటి పేరాలోనే రాసి ఉంటాయి. మారా జేడ్ పేరు వెతికారా, మూడు పుస్తకాల రుచి పోయినట్టే. అవసరమైన పేరైతే రచయితే రెండు పేజీల్లో చెబుతాడు, చెప్పకపోతే అది అవసరం లేని పేరు.

చివరగా మేనల్లుడు. పన్నెండేళ్ళవాడికి "ఎయిర్ టు ది ఎంపైర్" ఇవ్వకండి. రాజకీయాలు, నౌకాదళ వ్యూహాలు వాడికి విసుగు పుట్టిస్తాయి. "లాస్ట్ స్టార్స్" ఇంకో రెండు మూడేళ్ళు ఆగాక. మీకు వద్దన్న పిల్లల ముద్రణలు వాడికి సరిగ్గా సరిపోతాయి. 2015లో పాత మూడు సినిమాలనూ ముగ్గురు వేర్వేరు పిల్లల రచయితలతో కొత్తగా రాయించారు. అందులో రెండోది, ఆడమ్ గిడ్విట్జ్ రాసిన "సో యూ వాంట్ టు బి ఎ జెడై?" ముందు కొనండి. కథంతా చదివేవాణ్ణే లూక్ చేసి, "నువ్వు మంచులో నడుస్తున్నావు" అన్న పద్ధతిలో చెబుతుంది. అధ్యాయాల మధ్య జెడై (ఫోర్స్ వాడే యోధుడు) శిక్షణ పాఠాలు ఉంటాయి, వాటిని వాడు పెరట్లో నిజంగానే చేసి చూస్తాడు. ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.